జూన్ ఒకటిన పుట్టిన ఇరవై ముగ్గురు

తొర్రూరులోని మా కాలేజీ చరిత్ర పుస్తకాన్ని అచ్చుకు ముందు ఒకసారి చూడమని నాకు పంపారు. తండాల ఆడపిల్లల కోసం సర్కారు పెట్టిన కాలేజీ అది. మొదట హాస్టలుతో కూడిన చిన్న బడి. తరువాత పదో తరగతి, ఇంటరు వచ్చాయి, ఇప్పుడు డిగ్రీ కూడా ఉంది. ఆ బడికి మొదటి పంతులమ్మను నేనే.

మొదటి పేజీ చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. ఇప్పటి భవనం గోడకున్న శిలాఫలకం మీది తారీఖుతో చరిత్ర మొదలుపెట్టారు. అంతకుముందు ఏడేళ్ళ మూడు నెలలు పల్లికాయ గోదాములో నడిచిన బడి ఎక్కడా లేదు. ఆ బడిలో మొదట చేరిన ఇరవై ముగ్గురు పిల్లలూ లేరు. వార్షికోత్సవం నాడు పాత విద్యార్థులను చేరిన ఏడు ప్రకారం వేదిక మీదికి పిలుస్తారట. ఆ జాబితా కూడా భవనంతోనే మొదలైంది. అంటే వీళ్ళు కింద కూర్చుని చప్పట్లు కొట్టాలి.

నాకు తారీఖుల పట్టింపు ఎక్కువ. జనగామలో మా వంటింటి క్యాలెండరు చూస్తే గ్యాసు బండ ఏ రోజు మార్చామో తెలుస్తుంది. కొత్త భవనానికి మారినప్పుడు చిత్తుకాగితాల్లో పడేసిన గోదాము రిజిస్టరును ఇంటికి తెచ్చి దాచింది కూడా నేనే. మర్నాడు పొద్దున దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

పుస్తకం రాస్తున్నది అక్కడ చరిత్ర చెప్పే లెక్చరరమ్మ. మర్యాదస్తురాలు. కుర్చీ వేసింది, చాయ్ తెప్పించింది. రిజిస్టరు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట వేలు ఆపింది.

"మేడం, గిదేంది? ఇరవై ముగ్గురు ఒక్కనాడే పుట్టిన్రా?"

పుట్టిన తేదీ గడిలో పైనుంచి కింది దాకా జూన్ ఒకటే ఉంది.

"ఒక్క తీరు సిరా, ఒక్క తీరు రాత. ఎవరో ఒక్కకాడ కూసోని నింపినట్టుంది. గిది చూపెట్టి చరిత్ర అంటే రేపు అందరు నన్నే అడుగుతరు."

"నింపింది నేనే."

"గందుకే అంటున్న మేడం," అంది.

ఆ రోజు గుర్తొచ్చింది. గోదాములో పల్లికాయ బస్తా మీద కూర్చుని పేర్లు రాసుకుంటున్నాను. తండాల నుంచి తల్లులు పిల్లలను తీసుకుని నడిచి వచ్చారు. తారీఖు అడిగితే ఒక తల్లి తన భాషలో ఏదో చెప్పింది. పక్కనున్న పెద్దమనిషి తెలుగులో చెప్పాడు: "తీజ్ పండుగ మొలకల బుట్టలు వాగుల కలిపిన తెల్లారి పుట్టిందట." ఇంకో తల్లి, మిరపకాయ మొదటి కోత అయిన నాడంది. మరొకామె ఎర్రావు ఈనిన పూటే అంది. ఎవరూ తడుముకోలేదు.

"గవన్ని నాకెందుకు? తారీఖు చెప్పుండ్రి," అన్నాను.

వరంగల్ ఆఫీసుకు ఆ మధ్యాహ్నపు బస్సులోనే రిజిస్టరు నకలు పంపాలి. పిల్లల ఎత్తు, పళ్ళు చూసి సంవత్సరం వేశాను. రోజు మాత్రం అందరికీ జూన్ ఒకటే వేశాను. ఒక్క గడీ ఖాళీ లేదని సంతోషపడ్డాను కూడా.

బడి ఇచ్చిన కాగితాలేమైనా ఉన్నాయా అని ఆ ఇరవై ముగ్గురిలో నంబర్లున్న వాళ్ళకు లెక్చరరమ్మ గదిలోంచే ఫోన్లు చేశాను. భూపాలపల్లిలో ఉన్నామె తన కాగితాలు చెదలు తిన్నాయంది. మహబూబాబాద్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన ఆమె మాత్రం మూడు గంటలకల్లా ప్లాస్టిక్ కవరుతో దిగింది. రాగానే నా మీద పడింది.

"పంతులమ్మా, నువ్వు రాసిన తారీఖు మీదనే నౌకరిల చేరిన, దాని మీదనే ఇంటికి తోలిండ్రు. ఒకటో తారీఖు పుట్టినోళ్ళను ముందు నెల ఆఖరు రోజే పంపుతరు, ఎరికేనా? జర రెండో తారీఖు రాస్తే నీదేం పోవు? ఇంకో నెల చేసుకుందు గద!"

లెక్చరరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తరువాత కవరులోంచి టీసీ తీసి చదివింది. బడి ముద్ర ఉంది. ఇచ్చిన తేదీ శిలాఫలకం కన్నా ముందుది. ప్రవేశ సంఖ్య నా రిజిస్టరులోని సంఖ్యే. పుట్టిన తేదీ జూన్ ఒకటి.

"చాలు మేడం. గోదాము నుంచే మొదలువెడత. అందరిని స్టేజీ మీదికి పిలుస్తం," అంది. ఆగి, "కాని, పుట్టిన తేదీలు గిట్ల అచ్చు వెయ్య. అసలువి ఉంటే చెప్పుండ్రి," అంది.

నర్సు వైపు తిరిగాను. "మీ అమ్మ ఆనాడు నాకేం చెప్పింది బిడ్డా?"

"నాకేమెరుక? అమ్మ పోయి పన్నెండేండ్లు. విన్నది నువ్వే గద."

విన్నాను. తీజ్, మిరపకాయ, ఎర్రావు. ఇరవై ముగ్గురిలో ఆ మూడే గుర్తున్నాయి. ఏది ఏ తల్లి చెప్పిందో గుర్తులేదు. ఆ మాటే ఆమెతో అన్నాను.

టీసీని మళ్ళీ కవరులో పెట్టుకుంటూ, "తీజ్‌ది నాకు రాయి పంతులమ్మా. మంచిగుంటది," అంది.

"రుజువు లేంది ఎట్ల రాస్త?"

"అప్పుడు రాసినవ్ గద!"

లెక్చరరమ్మ కాగితాల వైపు తల వంచుకుంది. రాద్దామని తీసిన పెన్నుకు నేను మూత పెట్టేశాను.