వెదురు చల్లారేదాకా

"ఆ ఫోర్‌మేన్ గారి కర్ర ముట్టుకోకు, నానొచ్చి సేత్తాను" అన్నాడు మా ఆయన.

"బేగి రా మరి. లేపోతే నానే సేసి పారేత్తాను" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. తొంభైల చివర్లో, సీలేరు కాలనీలో మేము గాలపు కర్రలు బాగుచేసే రోజులవి. వార్నిష్ కోసం సంతకి వెళ్లిన మనిషి మరి రాలేదు. ఘాట్ మలుపులో జీపు లోయలో పడింది. నాకు సంతకం వరకే వచ్చు; నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

కరెంటు ప్రాజెక్టులో పనిచేసేవాళ్లు సెలవు దొరికితే జలాశయం గట్టున చేపలు పట్టేవారు. వాళ్ల కర్రల్లో కొన్ని ఫైబర్‌వి, ఎక్కువ మన గట్టి వెదురువి. వాడగా వాడగా దారం జారే రింగులు ఊడతాయి. ముక్కకీ ముక్కకీ కలిపే ఇత్తడి గొట్టాలు వదులవుతాయి. వెదురు వంగుతుంది. నిప్పుల మీద కాచి, కొయ్య పట్టులో బిగించి వంపు తీయడం మా ఆయన పని. రింగులు కూర్చి దారం చుట్టడం, వార్నిష్ పూయడం నా పని. "దీనికి దొరికితే నా మెడకైనా ఇలాగే సుట్టేత్తాది" అని నన్ను చూపించి వచ్చినవాళ్లతో చెప్పి నవ్వేవాడు.

మా వైపు చనిపోయినవాడి సామాను ఇంట్లో ఉంచరు, పాతిపెట్టిన చోట పెట్టేస్తారు. మా బావగారు గంప తెచ్చి కొయ్య పట్టు, చాకు, దారపు కండెలు, కుంచె అన్నీ అందులో వేశారు. చివరికి ఫోర్‌మేన్ గారి కర్ర మీద కూడా చేయి వేశారు. నేను రెండో కొస పట్టుకున్నాను.

"సచ్చినోడి సామాను ఉంటే ఆడు తిరిగొత్తాడే!"

"రానీ బావా. వచ్చి సేసుకోమను, నాకు పని తప్పుతాది."

ఏడుస్తున్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. బావగారు నవ్వలేదు. ఆ గంప వెళ్లిపోతే నా తిండీ దానితోనే పోతుంది, నాకు వేరే పని రాదు. అప్పుడు మా అత్త లేచి గంపలో చేయి పెట్టింది.

"కొయ్య పట్టు, సాకు నా కొడుకువి, పట్టుకెళ్లు. దారం, కుంచె నా కోడలివి. ఇదింకా సావలేదు కదేటి?"

కర్ర పరాయివాళ్లదని బావగారే వదిలేశారు.

ఫోర్‌మేన్ గారు రిటైరై పార్వతీపురం వెళ్లిపోతున్నారు, కర్ర కావాలని కబురు పెట్టారు. ఆయన మెచ్చితే కాలనీలో మిగతావాళ్లు తమ కర్రలు నా దగ్గర ఉంచుతారు, లేకపోతే పట్టుకుపోతారు. చివరి ముక్క బాగా వంగి ఉంది. పొయ్యిలో నిప్పులు ముందుకు లాగి, తిప్పుతూ కాచి, మోకాలికి ఆనించి వంచాను. నిటారుగా వచ్చింది. వదిలాను. నా కళ్లెదుటే పాత వంపుకు పోయింది. రెండోసారీ అంతే. మా ఆయన కర్రను పట్టులో బిగించి టీకి వెళ్లిపోయేవాడు. టీ మీద యావ అనుకునేదాన్ని. ఈసారి తడిగుడ్డ చుట్టి, రెండు చేతులతో వంచి పట్టుకుని కూర్చున్నాను. గుడ్డలోంచి కూడా అరచేతులు చురచురలాడాయి. అత్త నా నోటికి అంబలి అందిస్తూ, "వొదిలీకే, అలాగే పట్టుకునుండు" అంది. కర్ర చల్లబడ్డాక వదిలాను. నిలిచింది.

ఫోర్‌మేన్ గారు ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూశారు. "సివర్న కాసింత వంపుండిపోనాదమ్మా."

"ఉంది బాబూ. అంతకన్నా నాకు సేత కాలేదు."

ఆయన రీలు బిగించుకుని గట్టు మీదకు వెళ్లి గాలం విసిరి చూశారు. తిరిగి వస్తూ తన ఇంట్లోంచి ఇంకో పాత కర్ర తెచ్చి నా ముందు పెట్టారు.

"దీనికీ రింగులూడిపోనాయి. మా తమ్ముడొచ్చి పట్టుకెళ్తాడు."

తరువాత నేనూ ఒక కొయ్య పట్టు చేయించుకుని, చాలా ఏళ్లు ఆ పనే చేశాను.

ఈ పని నేర్చుకునేవాళ్లకు చెప్పేది ఒకటే. వేడి మీద ఉన్న వెదురు ఎటు వంచితే అటు వస్తుంది, అది చూసి పని అయిపోయిందనుకోకూడదు. చల్లారేదాకా పట్టుకుని ఉండాలి.

అయిపోనాదేటే గుంటా రాయడం? ఏదీ, మొదట్నుంచి సదివినిపించు. నీ మాటలేటైనా కలిపితే నాకు తెలిసిపోతాది.