అత్త విసిరిన కండె

మా మేనత్త నూలు మిల్లులో పనిచేసేది. ఆ యంత్రాల రొదలో పక్కనే నిలబడి అరిచినా వినబడదు. అందుకే ఎవరికైనా ప్రమాదం ముంచుకొస్తుంటే, అది చూసినవాళ్లు దారం చుట్టే ఖాళీ కండె ఒకటి తీసి అతని మీదికి విసిరేవాళ్లు. దెబ్బ తగిలినవాడు తిట్టుకుంటూ తిరిగి చూసేవాడు, బతికిపోయేవాడు.

కొత్తగా వచ్చిన మేనేజరుకి ఇది మోటుగా కనిపించింది. కండె విసిరితే పనిలోంచి తీసేస్తానన్నాడు. పైగా తన ఏసీ గదిలో ఇంగ్లీషు క్లాసు పెట్టాడు. ఏదైనా మీదికి దూసుకొస్తుంటే 'లుకౌట్' అనాలట. చుట్టూ చూసుకోమనడానికి 'వాచౌట్' అట. ముందే హెచ్చరించాలంటే 'బీ కేర్‌ఫుల్' అట. ఒకదాని బదులు ఇంకొకటి అన్నందుకు, మనవలనెత్తిన మనిషిని, మా అత్తని, బడిపిల్లలా గోడ దగ్గర నిలబెట్టాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చెవులు చిల్లులు పడే చోట ఏ మాటంటే ఏమిటి?

ఆ వారమే పత్తి బేళ్ల ట్రాలీ ఒకటి వాలులో జారి, ఫోను చూసుకుంటూ నిలబడ్డ మేనేజరు వెనక నుంచి దూసుకొచ్చింది. అంతలో అత్త విసిరిన కండె అతని వీపుకి ఠపీమని తగిలింది. కోపంగా వెనక్కి తిరిగినవాడు ట్రాలీని చూసి పక్కకి దూకాడు.

థాంక్స్ మాట దేవుడెరుగు, అత్తని గదికి పిలిపించి నిలదీశాడు.

"ఇంగ్లీషులో చెప్పమని అంతలా నేర్పించాను కదా?"

"మూడూ చెప్పాను సార్," అంది అత్త. "మీరు ఒక్కదానికీ తిరగలేదు. అప్పుడు విసిరాను."