ఆరో ప్రింటు

హిందూపురంలో నాది పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే స్టూడియో. ఎనిమిది పాస్‌పోర్టు ఫోటోలు అడిగినవాళ్ళకు తొమ్మిదోది ఊరికే ఇచ్చి పంపే రకాన్ని. అలాంటివాణ్ణి, ఒక మనిషికి ఆమె ఫోటో ఒక్కటి ఇవ్వలేకపోయాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

ధర్మవరంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు పక్కింట్లో మగ్గం ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పోగు జారకుండా వేళ్ళకు బూడిద రాసుకుని, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. ఎదురుగా వేల పట్టుపోగులు, ఆమె ఒంటిమీద వెలిసిపోయిన నీలం నూలుచీర. అడిగి ఫోటో తీసుకున్నాను. "చేతులు బాగా పడనీప్పా, మొగం ఎట్లుండినా పర్వాలే," అంది.

ఆ ఫోటో బెంగళూరులో ఒక గ్యాలరీకి నచ్చింది. వాళ్ళు చెప్పిన ధరలో పొరపాటున ఒక సున్నా ఎక్కువ పడిందేమో అనుకున్నాను. కాగితానికీ రంగుకూ అంత ఎందుకని అడిగితే గ్యాలరీ నడిపే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. వాళ్ళు అమ్మేది కాగితం కాదట. ఐదే ప్రింట్లు, ఆరోది ఎప్పటికీ ఉండదు అన్న మాటను అమ్ముతారట. ప్రతిదాని కింద నంబరు, నా సంతకం. పేరున్నవాళ్ళెవరైనా ఒకటి కొంటే తర్వాతిదాని ధర ఇంకా పెరుగుతుంది. బతుకంతా కాపీలు అమ్ముకున్న నాకు, కాపీ లేకపోవడం కూడా ఒక సరుకని అప్పుడే తెలిసింది. కళ్ళు నెత్తికెక్కాయని ఒప్పుకుంటాను. స్టూడియో బోర్డు మీద నా పేరు పక్కన 'ఆర్టిస్ట్' అని కూడా రాయించాను.

కొన్నాళ్ళకు ఆ పెద్దావిడ తన కొడుకు ఫోన్లోంచి నాతో మాట్లాడింది.

"అప్పా, ఆ ఫోటో నాకొకటి ఇయ్యి. మా ఇంట్లో నాది ఒకటీ లేదు. రేపు నేను పోతే ఆధార్ కార్డులో మొగమే పెద్దది చేసి గోడకు పెడతారు."

నవ్వాను. ఆధార్ ఫోటోలు పెద్దవి చేసి ఇచ్చేది మాలాంటి స్టూడియోలే, ఆ మొహాలు ఎలా వస్తాయో నాకు తెలుసు. ఆ వారమే ఆరో ప్రింటు వేసి, అట్ట గొట్టంలో పెట్టుకుని రైలెక్కాను. పెనుకొండ రాకముందే గ్యాలరీ ఆవిడ ఫోన్ చేసింది. మూడోది అమ్ముడైందని సంతోషంగా చెప్పి, "బయట ఎక్కడా కాపీ లేదు కదా?" అంది.

గొట్టం నా ఒళ్ళోనే ఉంది. లేదన్నాను.

పెనుకొండలో దిగిపోయాను. ప్లాట్‌ఫారం మీదే ఆ ప్రింటు చించి చెత్తడబ్బాలో వేశాను. తిరుగు రైలు కోసం కూర్చుని పెద్దావిడకు ఫోన్ చేసి, కంప్యూటర్ పాడై ఆ ఫోటో పోయిందని చెప్పాను.

"అయ్యో, అంత కష్టపడి తీసినావే," అంది. నన్నే ఓదార్చి పెట్టేసింది.

రెండేళ్ళ తర్వాత ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందన్నా. ఆధార్ కార్డు వాట్సాప్‌లో పంపినా, పెద్దది చేసియ్యి."

స్క్రీన్ మీద ఆ బూడిదరంగు మొహం చూడలేకపోయాను. గ్యాలరీ ఆవిడకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"ఇంటివాళ్ళకు ఒకటి ఇస్తే ఎవరు కాదంటారు? అప్పుడే అడగాల్సింది," అంది.

ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే నా ఫోటో విలువ తగ్గుతుందేమోనని నోరు మూసుకున్నాను.

మళ్ళీ ప్రింటు వేసి, పటం కట్టించి, దినాల నాడు ధర్మవరం వెళ్ళాను. దారంతా నిజం చెప్పేయాలనే అనుకున్నాను. కొడుకు పటం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"దొరికిందా అన్నా?"

"దొరికింది," అన్నాను.

కోడలు లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఆ నీలం చీర తెచ్చి చూపించింది. "పాపం ఆయప్ప ఫోటో పోయె, మళ్ళా తీసేకి వస్తే ఇదే కట్టుకోవాల అని అత్త ఎత్తిపెట్టిండె. ఎవురినీ ముట్టనీలే."

చీర ఉతికి, గంజి పెట్టి, నీటుగా మడిచి ఉంది.