అమ్మ గరిటెల్లో గ్రీజు

మా చిన్నప్పుడు నాన్నకి ఒక పాత వ్యాను ఉండేది... నందివాడ చుట్టుపక్కల పిల్లల్ని గుడివాడ స్కూల్లో దింపేవారు. అందులో నేనూ ఒకదాన్ని.

ముందు చక్రాల బేరింగులకి గ్రీజు పట్టించే పని మా తాతయ్యది, అంటే అమ్మ వాళ్ళ నాన్నది. ఎడ్లబండి ఇరుసుకి కందెన రాసిన చేతులాయనవి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగుని దానికేసి నొక్కేవారు... రోలర్ల సందుల్లోంచి పైకి ఉబికేదాకా వదిలేవారు కాదు. మహా పట్టింపు!

ఒంటిపూట బళ్ళ రోజులు... మధ్యాహ్నం తిరిగొస్తుంటే కాలవ గట్టు మలుపులో నాన్న బ్రేకు తొక్కారు. బండి ఆగలేదు. గేరు తగ్గించి, పక్కనున్న గడ్డివామిలోకి దూర్చి ఆపారు. పదకొండు మంది పిల్లలం... ఎవరికీ ఏమీ కాలేదు. నేనైతే ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

చక్రం విప్పితే, గ్రీజు కరిగి, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు లైనింగు మీదికి కారిపోయి ఉంది.

"నీళ్ళ ఇంజను కోసం తెచ్చిన డబ్బాలోది వేశారా మావయ్యగారూ?"

"బండి డబ్బా అయిపోయింది అల్లుడూ... గ్రీజంటే గ్రీజే కదా అనుకున్నా."

నాన్న అరవలేదు. అమ్మవి రెండు గరిటెలు తెచ్చి, ఒకదాంట్లో నీళ్ళ ఇంజను డబ్బాలోని పసుపు గ్రీజు, రెండోదాంట్లో బండి డబ్బా అడుగున గీకిన, వేడికి నిలిచే గ్రీజు పెట్టి పొయ్యి మీద పట్టారు. పసుపుది కాసేపటికే నెయ్యిలా కరిగింది. రెండోది ముద్దగానే ఉంది. బ్రేకు వేసినకొద్దీ చక్రం లోపల అలాగే కాగుతుందన్నారు. "అయ్యో, నా గరిటెలు!" అని అమ్మ గోల... మేమంతా నవ్వేశాం.

తాతయ్య మాత్రం నవ్వలేదు. "పసివాళ్ళని చంపేసేవాణ్ణి కదా అల్లుడూ" అన్నారు. ఇక ఆ పని ముట్టనన్నారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకు చాలా జాలేసింది.

మర్నాడు తెల్లారగానే నాన్న కొత్త డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టారు. "గ్రీజు నేను తెస్తా, పట్టించడం మీరే. నాకు చేతకాదు మావయ్యగారూ."

పచ్చి అబద్ధం. నాన్నకి బ్రహ్మాండంగా వచ్చు.

తాతయ్య చొక్కా విప్పి కూర్చున్నారు... లైనింగులు కూడా మార్చి చక్రాలు బిగించాక, మమ్మల్ని ఎక్కనివ్వలేదు. ముందు తనే నాన్న పక్కన ఎక్కి, ఆ మలుపు దాకా వెళ్ళొచ్చి, అప్పుడు తలుపు తీశారు.

ఇప్పుడు నా కారుకి ఫ్యాక్టరీలోనే సీలు చేసిన బేరింగులు... వాటిలో గ్రీజు ఎవరు పెట్టారో, ఏం పెట్టారో నాకు తెలియదు. మీ ఇంట్లో బండి పని ఎవరు చూసేవారండీ? మా బండికి చూసినాయన మాత్రం, తను ఎక్కి చూశాకే మమ్మల్ని ఎక్కించారు.