పుప్పాలగూడలో ఒక లంక

నేను గోదావరి లంకలో పుట్టాను. చుట్టూ నీళ్లుండటం నాకు కొత్త కాదు. కానీ హైదరాబాదులో, అదీ పుప్పాలగూడ బండరాళ్ల మధ్య, లంకను చూస్తానని ఏనాడూ అనుకోలేదు.

హైటెక్ సిటీ కొత్తగా లేస్తున్న రోజులవి. నేను వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పేదాన్ని. శనివారం శనివారం చివరి సంవత్సరం పిల్లల్ని పుప్పాలగూడ తీసుకెళ్లేదాన్ని. రైతుల పక్కన నిలబడి పొలంపని చూడటం వాళ్ల చదువు, చేతనైన సాయం చేయడం మా ఉద్యోగం. ఊరవతల ఒక చిన్న మిట్ట మీద నాలుగిళ్లు, వాటి చుట్టూ ఆకుకూరల మళ్లు ఉండేవి. నలుగురు కొడుకుల కుటుంబాలకూ ఒక అవ్వ పెద్దదిక్కు.

ఆ ఏడు వాళ్ల పొలం పక్కనుంచి కొత్త రోడ్డుకని మట్టికట్ట పోశారు. మొదటి పెద్దవానకే నీళ్లు పోయే దారిలేక నిలిచిపోయాయి. మేం వెళ్లేసరికి పల్లపు మళ్లు మునిగి, మిట్ట ఒక్కటే నీళ్ల మధ్య మిగిలింది. అవ్వ అవతల నిలబడి మమ్మల్ని చూసి అరిచింది.

"మేడం, ఇయ్యాల పాఠం లేదు, ఇంటికి పోండ్రి!"

"మిట్ట మీది కొత్తిమీర కోశారా అవ్వా?" అని నేనూ అరిచాను.

"కోసినం. బజారుకు ఎట్ల కొంటవోవాలె? ఇగ కొప్పుల వెట్టుకుంటం!"

మా ఊళ్లో అయితే అరటిబోదెలతో తెప్ప కట్టేవాళ్లం. ఇక్కడ అరటి ఎక్కడిది? రోడ్డు పని దగ్గర ఖాళీ డీజిల్ డ్రమ్ములు కనిపించాయి. మేస్త్రీని అడిగితే నవ్వి, తీసుకోమన్నాడు. మూతలు బిగించి, వాటిమీద వెదురుబొంగులు పరిచి తాళ్లతో కట్టాం. నీళ్లు నడుంలోతే. అయినా అనంతపురం నుంచి వచ్చిన మా విద్యార్థిని ఒకమ్మాయి వెనక్కి తగ్గింది.

"మా ఊర్లో తాగేదానికే నీళ్లు ల్యావు మేడమ్. దీనిమీదికి నేనెట్ల ఎక్కేది?"

ఎక్కింది. మిట్ట దాకా వెళ్లి, తిరుగుదారిలో కొత్తిమీర కట్టల మధ్య కళ్లు మూసుకుని కూర్చునే ఇవతలికి వచ్చింది. తర్వాత అవ్వ వంతు.

"నన్ను బతుకమ్మ లెక్క నీళ్లల్ల వదుల్తున్నరా ఏంది?" అంది. అందరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వుకు తెప్ప కట్టకు తగిలింది కూడా.

మరుసటి వారం నీటిపారుదల చెప్పే మా సహోద్యోగిని వెంటబెట్టుకెళ్లాను. పిల్లలు ఎత్తుపల్లాలు కొలిచి, కట్ట కింద తూము ఎక్కడ వేస్తే నీళ్లు దిగిపోతాయో బొమ్మ గీశారు. కట్ట దగ్గరికి వచ్చిన రోడ్డు ఇంజనీరు గారు మాత్రం, "వానలు తగ్గనివ్వండి, చూద్దాం" అన్నారు.

"సారూ, జర మా ఇంటికి రాండ్రి, చాయ్ తాగిపోదురు" అని అవ్వ పిలిచింది.

కాదనలేక ఆయన బూట్లు చేత్తో పట్టుకుని తెప్ప ఎక్కారు. మునిగిన మళ్ల మీదుగా వెళ్తున్నంతసేపూ కిందికి తొంగి చూస్తూనే ఉన్నారు. చాయ్ తాగి, బొమ్మ అడిగి తీసుకున్నారు. ఆ వారంలోనే తూము పడింది. నీళ్లు సుడి తిరుగుతూ దిగుతుంటే అవ్వ మనవలంతా కట్టమీద గంతులేశారు.

భూములు కొనేవాళ్లు అప్పటికే కార్లలో వచ్చిపోతున్నారు. ఆ పొలం వాళ్ల చేతిలో ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. అవ్వ మాత్రం తడి ఆరకముందే విత్తనాలడిగింది. అనంతపురం అమ్మాయి తన పరిశోధన అక్కడే చేస్తానని పట్టుబట్టింది: నీళ్లు నిలిచే నేలలో ఏ ఆకుకూర తట్టుకుంటుందో చూడాలట. ఒక మడిలో కావాలనే నీళ్లు నిలిపి, చలికాలమంతా మోకాళ్లదాకా బురదలోనే ఉంది. పాలకూర కుళ్లిపోయింది, బచ్చలి గుబురుగా లేచింది.

ఆ బచ్చలితో అవ్వ పప్పు చేసి, జొన్నరొట్టెలు కాల్చి మా అందరినీ కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి మొహమాటపడుతుంటే గదమాయించింది.

"తిను బిడ్డా. రుచి ఎట్లుందో గది గూడ రాయాలె గద!"

ఆ అమ్మాయి ఇంకో రొట్టె అడిగి వేయించుకుంది.