అంచులు కోసిన ఫోటోలు

నా ఫోన్లో తార్నాక చాలా శుభ్రంగా ఉంటుంది. చెత్తకుండీ కనబడదు, కరెంటు తీగలు కనబడవు. యూనివర్సిటీ రోడ్డు మీద పొద్దున్నే నడిచే పెద్దమనుషులు ఉంటారు గానీ వాళ్ల వెనకాలే నడిచే కుక్కలు ఉండవు. అవన్నీ నేనే కోసేశాను. నా పని అలాంటిది. క్యాంపస్ గేటు దాటాక మెయిన్ రోడ్డు పక్కన చిన్న షట్టర్‌లో థీసిస్‌లకు బైండింగ్ చేస్తాను. కాగితాలు కుట్టి, జిగురు పూసి, ఆరాక కటింగ్ మిషన్ కింద పెట్టి మూడు వైపులా అంచులు కోస్తేనే అది పుస్తకం. అప్పటిదాకా అది కాగితాల కట్ట. ఫోటో కూడా అంతే అనుకున్నాను. తీసిన వెంటనే నాలుగు వైపులా కోసి, ఫోన్లో జాగా లేదని అసలుదాన్ని తీసిపారేసేవాణ్ని.

ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానో బడి నన్ను వదిలేసిందో మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తేలలేదు. అయినా డాక్టరేట్ కావాలనుకున్న వాళ్లు చివరికి నా షట్టర్ ముందు నిలబడి, "అన్నా, రేపటికి అయితదా?" అని అడగాల్సిందే. గైడు ఐదేళ్లు తిప్పినవాణ్ని నేను రెండు రోజులే తిప్పుతాను. ఆ మాత్రం దయ ఉంది నాకు.

ఫోటోల పిచ్చి సెకండ్‌హ్యాండ్ ఫోన్‌తో పాటు వచ్చింది. పొద్దున క్యాంపస్‌లో నడుస్తూ తీస్తాను, సాయంత్రం షాపు మెట్టు మీద కూర్చుని తీస్తాను. చూసినవాళ్లు బాగుందంటారు. వెనకున్న సంగతి వాళ్లకేం తెలుసు? రాతి బెంచీ మీద ఒక రిటైర్డ్ సారు కళ్లు మూసుకుని కూర్చున్న ఫోటో ఒకటుంది. ఎంత ప్రశాంతత అని మా కస్టమర్లు ముచ్చటపడ్డారు. ఆయన చెప్పు తెగింది. ఇంకో జత తెమ్మని ఇంటికి ఫోన్ చేశాడు, ఇంటావిడ ఫోన్లోనే ఆ చెప్పులు ఎప్పుడు కొన్నదీ ఎందుకు మార్చమన్నదీ మొదలుపెట్టింది. ఆయన కళ్లు మూసుకుంది అప్పుడు. ఇంకో ఫోటోలో వానలో ఇద్దరమ్మాయిలు ఒకే గొడుగు కింద నడుస్తుంటారు. ప్రాణస్నేహితుల్లా ఉంటారు. అంతకు పది నిమిషాల ముందు నా షాపులోనే మొదటిసారి కలిశారు. గొడుగు ఒకటే ఉంది, థీసిస్‌లు రెండున్నాయి. గొడుగు వాళ్లకు కాదు, పుస్తకాలకు పట్టారు. ఇద్దరి వీపులూ తడిసి ముద్దయ్యాయి. ఆ వీపుల్ని కూడా కోసేశాను.

ఇక మా అక్క సంగతి. నా షట్టర్ పక్కనే ఫుట్‌పాత్ మీద పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేస్తుంది. పాలమూరు దిక్కు మనిషి. మధ్యాహ్నం మూడింటికి వచ్చి పొయ్యి అంటిస్తే, చీకటి పడేదాకా ఆ రెండు చేతుల చప్పుడు ఆగదు. వయసులో నేనే పెద్ద. అయినా నన్ను తమ్మీ అంటుంది. రొట్టె పెట్టే చెయ్యి ఆమెది కాబట్టి నేనూ పేచీ పెట్టలేదు, అక్కా అనే అంటాను.

మొన్న చలికాలంలో ఒక గురువారం, ఆమె పొయ్యి అంటించకుండా నా షాపు మెట్టు మీద కూర్చుంది. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏందక్కా, ఇయ్యాల రొట్టెలకు సెలవా?"

"సర్వే సారొచ్చిండు తమ్మీ. కొత్త ఫుట్‌పాత్ ఏస్తరంట. పాతోళ్ల పేర్లు రాసుకొని కార్డులిస్తరంట. పేరు లేనోళ్లు లేచిపోవాలె. గీడ ఎన్నేండ్ల సంది ఉన్నవో సబూత్ చూపియ్ అంటుండు."

"నేనే సబూత్ అనకపోయినవా?"

"అన్న. ఆధార్ చూసిండు. దాంట్ల ఊరి అడ్రస్సే ఉన్నది. ఊర్ల నువ్వుంటే గీడ రొట్టెలు చేసేది నీ దయ్యమా అన్నడు."

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె మొహం చూసి మింగేశాను. ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్ల దగ్గర డబ్బు కట్టించుకుని ఇచ్చే తైబజారు చిట్టీలేమయ్యాయని అడిగాను. పొయ్యి అంటించడానికి అయిపోయాయంది. వెనకటి నుంచి ఆ కాగితాలు ఆ పనికే వాడుతోందట. ఇంకో చోట పెట్టుకోరాదా అన్నాను.

"యాడ వెడ్తవ్? ఏ మూలకు వోయినా ఆడ ఒకామె ముందుగాల్నే ఉంటది. నేనైతే నా పక్కకు ఇంకొకామెను రానిస్తనా? ఆమె గూడ రానియ్యదు. ఈ జాగ పోతే ఊరికి పోవుడే."

ఆమె నా జేబులోని ఫోన్ వైపు చూసింది. తర్వాత ఆమే అంది. "నువ్వు దినాం ఆ ఫోన్ వట్టుకొని తిరుగుతవ్. దాంట్ల నేను ఒక్కటన్న ఉంట గద."

"ఒక్కటేందక్కా. నువ్వు సాలురా అనేదాక తీస్త."

సోమవారం దాకా గడువుంది. ఆమె లేచి పొయ్యి అంటించింది. నేను షాపులో కూర్చుని ఫోన్ తీశాను. మొదట తీరిగ్గా చూశాను, తర్వాత గబగబా, ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి. ఏళ్ల తరబడి తీసిన ఫోటోలు. మా షాపు ముందరివే ఎన్నో. అక్క ఒక్కదాంట్లోనూ లేదు.

అంటే, ఉంది. వాన ఫోటోలో కుడి అంచున నల్లగా వేలెడంత ముక్క ఉంటుంది, అది ఆమె పెనం. చలికాలం పొగమంచు అని నేను స్టేటస్ పెట్టుకుని పదిమందితో శెభాష్ అనిపించుకున్న ఫోటో ఉంది. అది మంచు కాదు, అక్క పొయ్యి పొగ. పొగను ఉంచి మనిషిని కోసేశాను. బైండింగ్ అయిపోయిన స్కాలర్లు షాపు ముందు నిలబడి థీసిస్ పట్టుకుని ఫోటో తియ్యమనేవాళ్లు. ప్రతిసారీ నేను అటు తిరిగి, "అక్కా, జర పక్కకు జరుగు" అనేవాణ్ని. పిండి చేతులతోనే లేచి చెట్టు వెనక్కి పోయేది. ఫోటో అయ్యాక వచ్చి కూర్చునేది. పెనం మీద రొట్టె ఉన్నా సరే.

జోకులేసే మనిషికి ఒక కష్టముంది. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు మాట దొరకదు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె పిండి కలుపుతుంటే వెళ్లి నిలబడ్డాను.

"దొరకలే అక్కా."

ఆమె తలెత్తలేదు. "ఫోటోల నేను వడితే కరాబైతదని జరుగుమంటివి. జరిగితి. ఇప్పుడు నేను లేనే లేనంటవ్."

"అవు."

"సోమారం దాక టైమున్నది. నువ్వు జేసిన పని గిది. ఏం జేస్తవో చెయ్యి."

తిట్టినా బాగుండేది. ఆమె ముద్ద తీసుకుని తట్టడం మొదలుపెట్టింది.

షాపుకొచ్చి కూర్చుంటే గోడకున్న మేకు కనబడింది. అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టడానికి, ప్రతి స్కాలరూ పేరూ విషయమూ నెలా సంవత్సరమూ ఒక చిట్టీ మీద రాసిస్తారు, కింద ఫోన్ నంబరుతో సహా. తప్పు పడితే నా మీదికి రాకుండా ఆ చిట్టీలన్నీ మేకుకు గుచ్చి ఉంచుతాను. మేకు నిండితే సంచిలోకి. సంచి దింపాను. నేను తీసిన ఫోటోల్లో అక్క లేదు, సరే. మరి వాళ్లు తీసుకున్న వాటిలో? పుస్తకం చేతిలో పడగానే షాపు ముందే ఫోన్ పైకెత్తి సెల్ఫీ దిగని స్కాలర్‌ని నేను చూడలేదు. సెల్ఫీ దిగేవాళ్లు వెనకెవరున్నారో చూడరు, వాళ్ల మొహం వాళ్లు చూసుకుంటారు. ఎవర్నీ జరగమనరు.

నంబర్లు కలపడం మొదలుపెట్టాను. బైండింగ్ చేసినవాడు ఇన్నేళ్ల తర్వాత ఫోన్ చేస్తే మనుషులు ఎంత భయపడతారో నాకప్పుడు తెలిసింది.

"అన్నా, పేజీ ఏమన్న మిస్సయిందా?" అన్నాడొకడు. ఇప్పుడు వరంగల్ దిక్కు ఏదో కాలేజీలో ప్రిన్సిపాల్ అట.

"పేజీలన్నీ ఉన్నయ్. నువ్వు దిగిన సెల్ఫీ ఉన్నదా చెప్పు."

"ఎందుకన్నా? కేసా?"

ఇంకొకాయన నేను అడిగేది వినకుండానే, ఆ మూడో అధ్యాయం తాను సొంతంగానే రాశానని ఒట్టేశాడు. నేను అడగనే లేదు. కొందరి నంబర్లు మారిపోయాయి. ఒక నంబరు ఇప్పుడు మెట్టుగూడలో ఒక రైల్వే క్వార్టర్స్ ఆవిడది. ఆవిడ విషయమంతా విని, తన దగ్గర ఫోటో లేదు గానీ అక్కకు కార్డు వచ్చిందో లేదో ఫోన్ చేసి చెప్పమంది.

శుక్రవారం షట్టర్ దించేలోపు చేతికొచ్చింది ఒకే ఒక్కటి. పంపింది కడప అమ్మాయి. నాన్న ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, ఇక్కడే చదివి, ఇప్పుడు హబ్సిగూడలో కాపురముంటూ పాఠాలు చెప్పుకుంటోంది.

"ఏమన్నా, ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా?" అంది.

"నువ్వు కాదమ్మా, నీ వెనకున్న అక్క గుర్తొచ్చింది. సబూత్ లేకుంటే ఆమెను లేపుతరంట, నీ సెల్ఫీ కావాలె."

"రొట్టెల అక్కనా? ఆ యమ్మ యాడికి పోతుందన్నా? ఉండు, పాత ఫోన్లో ఉండాలా."

పంపిన ఫోటో నా లెక్కన చెత్త. సగం ఫోటో ఆమె ముక్కే. ఒక కన్ను మూసుకుపోయింది. మూలన బొటనవేలు అడ్డం పడింది. చేతిలో మెరూన్ రంగు అట్ట. ఆమె భుజం మీదుగా చూస్తే, అక్క రెండు చేతుల మధ్య రొట్టె పట్టుకుని ఈ పిల్ల వేషాలు చూసి నవ్వుతోంది. వెనకాల నా షాపు బోర్డు.

శనివారం పొద్దున్నే అక్కను తీసుకుని వార్డు ఆఫీసుకు పోయాను. సర్వే సారు కుర్రవాడే, మర్యాదస్తుడే. ఫోన్ తీసుకుని చూశాడు.

"ఈమెనే. కాదంటలేను. కని ఇది ఎప్పటిదో ఎట్ల తెలవాలె? ఫోన్ల డేట్ ఎవరైన మార్చొచ్చు."

"సారూ, ఫోన్ డేట్ చూడకు. అట్ట మీద చూడు." వేళ్లతో పెద్దది చేసి చూపించాను. బంగారు అక్షరాల్లో నెలా సంవత్సరమూ ఉన్నాయి. "ఇది నేను కొట్టిన అచ్చు. దీన్ని మార్చాలంటే ఈ సెల్ఫీ పిల్ల డాక్టరేట్ వాపస్ ఇయ్యాలె."

సారు చాలాసేపు చూశాడు. అక్క నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది, ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకు తెలియదు.

"మంచిగనే ఉన్నది. కని ఒక్కటే ఉన్నది గదా. ఆ ఒక్క దినం వచ్చి కూసున్నదంటే నేనేం చెప్పాలె పైన? వేరే వేరే సంవత్సరాలవి తేండి. సోమవారం దాక ఇక్కడ్నే ఉంట."

బయటికొచ్చాక అక్క అంది, "అయితదా తమ్మీ?"

"అయ్యేదాక ఫోన్ కింద పెట్ట."

రెండు రోజులు బైండింగ్ పని ముట్టుకోలేదు. అర్జెంటని వచ్చిన ఇద్దరు స్కాలర్లను కూర్చోబెట్టి చెరో చిట్టీల కట్టా చేతికిచ్చాను. మీ పుస్తకం కావాలంటే ముందు ఈ నంబర్లు కలపండన్నాను. వాళ్లలో ఒకడు ఫిలాసఫీ. ప్రతి ఫోనులోనూ ముందు తన పరిశోధన గురించి చెప్పి తర్వాత అక్క గురించి చెప్పేవాడు. రెండోవాడు వాడి చేతిలోంచి ఫోన్ లాక్కోవాల్సి వచ్చింది. ఆదివారం సాయంత్రానికి కడప అమ్మాయిదీ కలిపి ఐదు పోగయ్యాయి, ఐదూ వేరు వేరు సంవత్సరాలవి. ఒకదాంట్లో అక్క వెనక్కి తిరిగి ఉంది, వీపే కనబడుతుంది. ఒకదాంట్లో కుక్క కూడా పడింది. ఇంకొకదాంట్లో ఆమె గిరాకీతో కొట్లాడుతోంది. వేలెత్తి చూపిస్తున్న ఆ చెయ్యి స్కాలరు చెవిలోంచి వచ్చినట్టుంది. పక్క జిరాక్సు షాపులో అన్నీ పెద్ద కాగితాల మీద తీయించాను. జిరాక్సాయన తెల్ల అంచు కత్తిరించనా అని అడిగితే, ఏదీ ముట్టుకోవద్దన్నాను.

సోమవారం సారు ఐదింటినీ టేబుల్ మీద పరిచాడు. అట్టల మీది సంవత్సరాలు ఒక్కొక్కటే చదివి కాగితం మీద రాసుకున్నాడు. వీపు ఉన్న ఫోటో దగ్గర ఆగాడు.

"ఈమెనే అని ఎట్ల?"

అక్క వెనక్కి తిరిగి నిలబడింది. ఆఫీసులో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. సారు ఫోటో చూశాడు, ఆమె వీపు చూశాడు, నవ్వాపుకున్నాడు.

"తిరుగమ్మా. రాసుకున్న. సాయంత్రం అక్కడికే వస్త, జాగ మీద ఫోటో దించాలె. కార్డుకు అదే ఎక్కిస్తం."

ఐదింటికి వచ్చాడు. అక్క చుట్టూ గిరాకీ మూగి ఉంది. హాస్టలు పిల్లలు, డ్యూటీ దిగిన కండక్టరు, ఆఫీసుల నుంచి ఇళ్లకు పొట్లాలు కట్టించుకునేవాళ్లు. నాలుగు రోజులు పొయ్యి సరిగా వెలిగించలేదేమో, ఎవరూ కదిలేలా లేరు. సారు ఎదురుగా రోడ్డు అంచున నిలబడి ఫోన్ పైకెత్తాడు.

"అమ్మా, ఒకసారి లేచి నిలవడు. ఇటు చూడు."

"లేవను సారూ. పెనం మీద రొట్టె ఉన్నది, మాడితది. ఆగితే ఆగు, లేకుంటే గిట్లనే దించుకో."

సారు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. వరసలో నిలబడ్డ కండక్టరు, "ఆగు సార్, మేమందరం ఆగుతలేమా?" అన్నాడు.

సారు ఫోన్ అలాగే పట్టుకుని, రొట్టె రెండో వైపు కాలేదాకా నిలబడ్డాడు.