చెయ్యి మారని లేసు

మా ఇంట్లో పక్క వాటాలో ఉండే చిన్నమ్మ పోయిన బుధవారం పొద్దున దవాఖానలో చనిపోయింది. పత్రికలకెక్కే చావు కాదు. నాంపల్లి స్టేషను వెనక మా గల్లీ దాటితే ఆమె ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను. పెద్దమనుషుల సంతాప సభలకు మైకులూ దండలూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒక పెద్ద పనిని తలకెత్తుకొని, అది ముగియకముందే పోయిన ఆడమనిషికి ఈ ఊళ్ళో నిమిషం మౌనం కూడా లేదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. పాఠకులు మన్నించనక్కరలేదు.

రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారిన ఏడాది, చిన్నమ్మ భర్త, మా చిన్నాయన, ఉద్యోగం కూడా ఇక్కడికి మారింది. భార్యాభర్తలిద్దరూ మా ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. ఆమెది నరసాపురం పక్కన పల్లెటూరు. మాకు చుట్టాలేమీ కారు. మా అమ్మ మొదటి రోజే ‘చెల్లే’ అని పిలిచింది గనుక నాకు చిన్నమ్మ అయింది. వాళ్ళ సామానులో ఒక రేకు డబ్బా ఉండేది. అందులో తెల్లదారపు ఉండలు, కొన కొక్కెంలా వంగిన సన్నని ఉక్కు సూది.

వాళ్ళ ఊళ్ళో లేసు పని ఇంటింటా ఉంటుందట. కానీ ఒకరు పువ్వులే అల్లుతారు. ఇంకొకరు అంచులే అల్లుతారు. మరొకరు అన్నీ కలిపి అతుకుతారు. అతికినదాన్ని ఏజెంటు మూట కట్టుకొని పోతాడు. చిన్నమ్మది పువ్వు. పెళ్ళయ్యేదాకా పువ్వులే అల్లింది. అవన్నీ కలిసి ఏమయ్యేవో ఏనాడూ చూడలేదు.

నేను కాలేజీలో చేరిన ఏడు, చెప్పుల కోసం ఇద్దరం ఆబిడ్స్ వెళ్ళాం. ఒక పెద్ద దుకాణంలో అద్దం వెనక లేసు దుప్పటి పరిచి ఉంది. చిన్నమ్మ దాని ముందు నిలబడిపోయింది. దుకాణంలో పనిచేసే ఆయన తలుపు తీసి, “ఏం గావాలమ్మా?” అన్నాడు.

“ఏం వద్దు బాబూ. మా ఊరివాళ్ళు కనబడితే చూస్తున్నా.”

ఆయన వీధివైపు చూశాడు. చిన్నమ్మ అద్దం మీద వేలు పెట్టింది. “ఈ పువ్వు చూడవే, మా వైపుదే. దీని పక్కది ఇంకొకావిడది. ఇక్కడ చెయ్యి మారింది. అదిగో, అక్కడ మళ్ళీ మారింది. ఎంతమందో ఇందులో. ఎవరిదీ కాదే ఇది.”

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఎర్రజెండా పార్టీ కరపత్రాల పుస్తకాలు నా సంచిలో ఎప్పుడూ ఉండేవి. దారి పొడుగునా దోపిడీ గురించి చెప్పాను. ఆమె అంతా విని, “అది నాకు తెలుసులేవే. వేళ్ళు నావి గదా. నేను చూడాలనుకునేది వేరే. ఒకే చెయ్యి మొదలుపెట్టి, ఆ చెయ్యే ముగిస్తే ఎలాగుంటదో అని,” అంది.

ఆ వారమే మొదలుపెట్టింది. జంట మంచం నిండా పరిచేంత దుప్పటి. నడిమి పువ్వు నుంచి చుట్టుచుట్టుగా బయటికి పెరగాలి. ఎక్కడా అతుకు ఉండకూడదు. దారం కూడా దొరికినవాటిలో అన్నిటికంటే సన్నది. మా అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసింది. “గింత పెద్దది ఏం జేస్తవ్ చెల్లే, ఏనుగు మీద గప్పుతవా?”

“ఏనుగుని తోలుకురా అక్కా, కొలత తీసుకుంటా.”

పగలు వంట అయ్యాక, చేతులు కడుక్కొని, ఒళ్ళో పాత తెల్లచీర పరుచుకొని గడప దగ్గర కూర్చునేది. నేను కరపత్రాలు పైకి చదివేదాన్ని. ఒకసారి మధ్యలో ఆపి, “మీవాళ్ళు పేజీకోసారి పిడికిలి బిగించమంటారేంటే? బిగిస్తే నాకు పని సాగదు,” అంది. నాకు రోషం వచ్చింది గానీ నవ్వూ వచ్చింది. నాకు నేర్పాలని కూడా చూసింది. నేను అల్లిన గొలుసులో సూది దూరేది కాదు. “నీ కోపమంతా దారం మీద చూపిస్తే ఎలాగే. అది నిన్నేం చేసింది?”

ఆ పనికి ప్రాణం దారాన్ని లాగే చేతి బిగువు. అది రవ్వంత ఎక్కువైతే అంచులు పైకి లేచి అల్లిక గిన్నె అవుతుంది. తక్కువైతే కుచ్చెళ్ళు పడతాయి. నేల మీద పరిస్తే లేసు తనంతట తాను పడుకోవాలి. ఆమె పెట్టుకున్న పరీక్ష అదొక్కటే. ఏళ్ళ తరబడి ఆ దుప్పటి ఆ పరీక్షలో నెగ్గుతూ వచ్చింది. చివరికి మా గదిలో పరిస్తే నేలంతా నిండేది.

కిందటేడు మొదటిసారి అంచులు లేచాయి. దారం తేడా వచ్చిందనుకొని బేగంబజార్ వెళ్ళి షాపాయనతో పోట్లాడి, కొత్త ఉండలు తెచ్చింది. తరవాత కూర్చొని ఆ చుట్లన్నీ విప్పడం మొదలుపెట్టింది. నేను తట్టుకోలేకపోయాను.

“ఏంది చిన్నమ్మా, ఎన్ని నెలల కష్టం? గట్లనే ఉండనియ్. ఎవరు జూస్తరు?”

“చూసేవాళ్ళు లేకపోతే తప్పుగా ఉండొచ్చా? నీ కరపత్రంలో అలా రాశారా?”

విప్పిన దారం ఉంగరాలు తిరిగి, ఆమె ఒళ్ళో కుప్ప పడింది. లాగి చూపించింది. “చూడు, ఎంత లాగినా సాగట్లేదు. విప్పినా దారం దాని వంకరలు మర్చిపోదే. తడిపి ఆరేస్తే తప్ప.”

తడిపింది, ఆరేసింది, మళ్ళీ అల్లింది. మళ్ళీ లేచింది. ఈసారి తన చేతినే తిట్టుకుంది. “పొగరెక్కింది దీనికి,” అని మళ్ళీ విప్పింది. ఒకరోజు ఉంగరం వేలినుంచి రాకపోతే చిన్నాయన దవాఖానకు తీసుకుపోయాడు. మూత్రపిండాలు చెడ్డాయి, ఒంటికి నీరు పట్టింది, ఇది ఇవాళ్టిది కాదు అన్నాడు డాక్టరు. అప్పుడు తెలిసింది మాకు. వేళ్ళు వాచి బిగువు మారింది. రోగం మా అందరికంటే ముందు లేసులో కనిపించింది. ఆమె దాన్ని చేతి నిర్లక్ష్యం అనుకొని విప్పుతూ, అల్లుతూ ఒక ఏడాది పోగొట్టుకుంది. ఎవరిమీద అరవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వాపుకు తగ్గట్టు చెయ్యి వదులు చేసుకొని చుట్లన్నీ ముగించి, చివరి అంచు సగంలో ఉండగా మంచాన పడింది. దవాఖానలో నేను చెప్పాను: “నేను నేర్చుకుంట. అంచు నేను ముగిస్త.”

“వద్దే. చెయ్యి మారుతుంది.”

“అయితే సగంలనే ఉండాల్నా?”

“ఉండనీ. ఎంతుంటే అంత నాది. ముడి మాత్రం వెయ్యనీకు ఎవర్నీ. సూది ఆ చివరి దారపు కంతలోనే ఉండనీ, తీస్తే విడిపోతుంది. ఇంటికొస్తే మళ్ళీ అందుకోవాలి,” అంది.

ముడి వెయ్యలేదు. దుప్పటి మడిచి, పైన సూదిని అలాగే ఉంచి, వాళ్ళ గదిలో కిటికీ పక్క రేకు డబ్బా మీద పెట్టాను. ఉండ దాదాపు అయిపోయింది. మిగిలిన కొసను సూదికే చుట్టి ఉంచింది ఆమె.

బుధవారం ఆమెను ఇంటికి తెచ్చి వరండాలో పడుకోబెట్టారు. చిన్నాయన గోడకానుకొని కూర్చున్నాడు. ఆచారం తెలిసిన మా పెద్దబాపు, మా నాన్న అన్న, దగ్గరుండి అన్నీ చూస్తున్నాడు. “కాలి బొటనవేళ్ళు కట్టాలె. జర దారం తేన్రి,” అని కేకేశాడు. ఎవరూ కదలకపోయేసరికి తనే లోపలికి వెళ్ళాడు. కిటికీ దగ్గర తెల్లదారం కనిపించింది. సూది నుంచి కొస విప్పి, చేతికి చుట్టుకుంటూ వరండాలోకి నడిచాడు.

నేను చెంబుతో నీళ్ళు తెస్తున్నాను. గదిలో దుప్పటి అంచు తనంతట తాను కదులుతోంది. సూది కింద పడి ఉంది. ముడి లేని ఆ కంతలు ఒకదాని వెనక ఒకటి విడిపోతూ గడప దాటి పోతున్నాయి.

పరిగెత్తి పెద్దబాపు చెయ్యి పట్టుకున్నాను. “ఆగు పెద్దబాపూ. అది దారం గాదు.”

“దారం గాకుంటే ఏందే? పిచ్చి లేసిందా నీకు? ఇడువు, ఆలస్యమైతుంది.”

నేను విడవలేదు. చుట్టూ జనం చూస్తున్నారు. అప్పుడు చిన్నాయన తల ఎత్తాడు.

“దాంతోనే కట్టనీ అమ్మా. ఆవిడ చేతిదేగా.”

నా చెయ్యి జారిపోయింది. లోపలికి వెళ్ళి, ఎక్కడిదాకా విడిపోయిందో అక్కడి కంతకు నా పైటకున్న పిన్నీసు గుచ్చి, దారం కత్తిరించాను. అది కూడా ముడి కాదు.

ఆడవాళ్ళం గేటు దగ్గరే ఆగిపోయాం. పాడె లేచింది. వాచిన ఆ బొటనవేళ్ళ చుట్టూ పెద్దబాపు గట్టిగా బిగించి కట్టినా, మిగిలిన కొస సాగలేదు. ఉంగరాలు ఉంగరాలుగా ముడుచుకొని పాదాల పక్కన వేలాడింది. గల్లీ మలుపు తిరిగేదాకా అది ఎండలో ఊగుతూనే ఉంది.